గడగడా చదువుతారు, అడిగితే చెప్పలేరు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎట్లా

అనంతపురం జిల్లా పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతులకు తెలుగు చెప్పేవాళ్లకు ఈ బాధ తెలుసు. పాఠం చదవమంటే చదువుతారు. ఏమర్థమైందని అడిగితే తల దించుకుంటారు. మనం పాఠమంతా మళ్లీ వివరించి, జవాబులు బోర్డు మీద రాసి ముందుకు పోతాం. పరీక్ష గడుస్తుంది గానీ చదవడం రాదు.

మందు వేసే ముందు రోగం తెలియాలి. పిల్లలు ఇంతవరకు చూడని పేరా ఒకటి మీరే చదివి వినిపించి, రెండు ప్రశ్నలు అడగండి. విని చెప్పగలిగితే ఇబ్బంది అక్షరాల దగ్గర ఉంది. విన్నా చెప్పలేకపోతే ఆ మాటలు గానీ, ఆ విషయం గానీ తెలియదన్నమాట. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలను మాటలుగా పలకగలగడాన్ని, విని అర్థం చేసుకోగలగడంతో గుణించినట్లు అని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పారు. గుణకారం కాబట్టి, రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

సమస్య: వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు

కూడబలుక్కుని చదివే పిల్లల ధ్యాసంతా ఒత్తుల మీదే ఉంటుంది. పైగా తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది. అది వచ్చేదాకా ముందున్నదంతా మనసులో మోయాలి. పొడుగు వాక్యాన్ని పెన్సిల్ గీతలతో మూడు నాలుగు ముక్కలు చేయించండి. మీరు ఒకసారి చదివి వినిపించి, అదే పేరాను మూడు నాలుగు రోజులు మళ్లీ మళ్లీ చదివించండి.

సమస్య: తప్పు లేకుండా చదువుతారు, భావం చెప్పలేరు

ఇంట్లో చెనక్కాయ, పుస్తకంలో వేరుశనగ. ఇంట్లో ఎనుము, పుస్తకంలో గేదె. రాయదుర్గం వైపు కొందరికి ఇంటిభాషే కన్నడం. పాఠానికి ముందు అలాంటి ఐదారు మాటల గురించి మాట్లాడించండి. భావం చెప్పేటప్పుడు వాళ్ల యాసలోనే చెప్పనివ్వండి. అప్పుడు మాట దిద్దితే నోరు మూతపడుతుంది, ఇది నేను గట్టిగా చెబుతాను.

సమస్య: నోట్సులో అన్నీ కరెక్ట్, పుస్తకం మూస్తే ఒక్కటీ రాదు

అన్నిటికంటే మనల్ని మోసం చేసేది ఇదే. ఈ వాక్యం చూడండి: "బొంజికాడు నిన్న తుర్రలో మూడు జింబలను తొంబించాడు." బొంజికాడు ఎన్ని జింబలను తొంబించాడు? మూడు. ఎక్కడ? తుర్రలో. ఒక్క ముక్క అర్థం కాకుండానే మీకు రెండు మార్కులు వచ్చాయి. పిల్లలు చేసేదీ అదే. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాస్తారు. తప్పు వాళ్లది కాదు, మన ప్రశ్నలది.

అడగడం తగ్గించి, చదివేటప్పుడు మనసులో ఏం జరుగుతుందో చూపించాలి. రెండు వాక్యాలు చదివి ఆగండి. "ఇక్కడ నాకు అర్థం కాలేదు, పై వాక్యం మళ్లీ చూస్తా" అని పైకే అనండి. తర్వాత పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టండి. ఒకరు ముందేం వస్తుందో ఊహించాలి, ఒకరు ప్రశ్న వేయాలి, ఒకరు తెలియని మాట తేల్చాలి, ఒకరు పేరాను రెండు ముక్కల్లో చెప్పాలి. పేరా మారితే పనులూ మారాలి. అక్షరాలు వచ్చినా అర్థం పట్టుకోలేని ఏడో తరగతి పిల్లలతో పాలిన్‌సార్, బ్రౌన్ అనే పరిశోధకులు చేసి చూసి, 1984లో ప్రచురించిన పద్ధతికి ఇది ఒక రూపం. మొదట్లో నాలుగు పనులూ టీచరే చేసి చూపించి, మెల్లగా పిల్లలకు వదలాలి. ఒకేసారి వదిలేస్తే గోల తప్ప ఏమీ మిగలదు.

సమస్య: పాఠంలో నేరుగా లేనిది అడిగితే ఖాళీ వదిలేస్తారు

జవాబు ఎప్పుడూ పేజీలోనే ఉంటుందని మనమే నేర్పాం. ఇట్లా మొదలుపెట్టండి: "అమ్మ వాకిట్లో మంచాలు లోపలికి లాగింది. నాన్న కళ్లంలో చెనక్కాయల మీద పట్ట కప్పడానికి పరుగెత్తాడు." ఏం జరగబోతోంది? "వానొస్తాది సార్!" అని తరగతంతా అరుస్తుంది. వాన అన్న మాట ఇందులో ఎక్కడుందో చూపించమనండి. వెతుకుతారు, దొరకదు. అప్పుడు "మరి నీకెట్లా తెలిసింది?" అని అడిగి ఆగండి. ఆ జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు, మీరు మాత్రం అందించకండి.