పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష: తిరుపతి, చిత్తూరు వాసులు ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి

ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్ల మధ్య వయసువారికి రెండేళ్లకోసారి ఒక చిన్న పరీక్ష కిట్ పోస్టులో ఇంటికి వస్తుంది. వారు ఇంట్లోనే మలం నమూనా తీసి తిరిగి పోస్టులో పంపితే చాలు. మన దగ్గర అలాంటి పిలుపు ఏదీ రాదు. మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. కాబట్టి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వచ్చి పరీక్షలన్నీ చేసి వెళ్లిందని ధీమాగా ఉన్నవారు, ఈ ఒక్కటి అందులో లేదని తెలుసుకోవాలి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఈ పరీక్ష కావాలని మనమే నోరు తెరిచి అడగాలి.

పెద్దపేగు లోపలి గోడ మీద పాలిప్స్ అనే చిన్న బుడిపెలు లేస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి, సాధారణంగా పదేళ్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం తీసుకుని క్యాన్సర్‌గా మారతాయి. మనకు ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. ఆ గడువులో బుడిపెను గుర్తించి తీసేస్తే జబ్బు రాకుండానే ఆపవచ్చు. అమెరికా లెక్కల ప్రకారం, పేగుకే పరిమితమై ఉండగా బయటపడితే నూటికి 90 మంది దాకా ఐదేళ్ల తరువాత కూడా జీవించి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిన తరువాత బయటపడితే ఆ సంఖ్య ఇరవైకి లోపే.

ముందుగా, లక్షణాలు ఉన్నవారి సంగతి

స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేనివారికి చేసేది. మలంలో రక్తం పడుతున్నా, వారాల తరబడి విరేచనాలో మలబద్ధకమో కొత్తగా మొదలైనా, మలం సన్నగా వస్తున్నా, వెళ్లివచ్చిన వెంటనే ఇంకా మిగిలినట్లు అనిపిస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా స్క్రీనింగు కోసం ఆగకుండా నేరుగా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మగవారిలోను, నెలసరి ఆగిపోయిన ఆడవారిలోను ఐరన్ లోపం వల్ల రక్తం తగ్గితే, మాత్రలు రాసి పంపడంతో సరిపెట్టకూడదు. ఆ రక్తం ఎక్కడ పోతోందో కడుపులో, పేగుల్లో వెతకాలి.

మా పెదనాన్నగారికి రక్తం కనబడినప్పుడు ఇంట్లో అందరం మొలలే అనుకున్నాం. బస్టాండు గోడల మీద మొలలకు, లూటీలకు ఆపరేషన్ లేకుండా వైద్యం అన్న ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్లం కనుక వేరే ఆలోచన రాలేదు. రెండేళ్లు పసరు మందు, ఆ తరువాత ఎక్కడో ఇంజెక్షన్లు. రక్తం తగ్గేది, మళ్లీ వచ్చేది. ఆ రెండేళ్లలో ఆయనను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లౌజు తొడుక్కుని మలద్వారంలోకి వేలు పెట్టి చూసినవారు ఒక్కరూ లేరు. చివరికి ఒక వైద్యుడు చూశారు. నిమిషం కూడా పట్టలేదు. గడ్డ వేలికి తగిలింది, కానీ అప్పటికే అది బయటికి పాకింది. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో కింది భాగాన వచ్చే గడ్డలు చాలావరకు వేలికి అందుతాయి. అందుకే, మొలలకు మందు రాయించుకునే ముందు ఆ పరీక్ష చేయమని అడగడం మన హక్కు. నిజంగానే మొలలు ఉన్నా సరే, పైన ఉన్న పేగు బాగుందని ఆ మొలలు హామీ ఇవ్వవు.

ఏ వయసులో మొదలుపెట్టాలి

కుటుంబంలో ఎవరికీ ఈ జబ్బు లేనివారు 45 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలుపెట్టడం మంచిది. యాభైలోపు వారిలో ఈ క్యాన్సర్ పెరుగుతున్నందున అమెరికా నిపుణుల బృందం 2021లో ప్రారంభ వయసును 50 నుంచి 45కు తగ్గించింది. అమ్మ, నాన్న, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా వచ్చి ఉంటే 40 ఏళ్లకు గానీ, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందు వస్తే అప్పుడు కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. తండ్రికి 46వ ఏట బయటపడితే పిల్లలు 36వ ఏటనే వెళ్లాలన్నమాట. కొన్ని కుటుంబాల్లో లించ్ సిండ్రోమ్ వంటి వంశపారంపర్య లోపం ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు వచ్చి ఉంటే ఆ మాట వైద్యుడికి తప్పక చెప్పాలి. పెద్దపేగులో ఏళ్ల తరబడి పుండ్ల జబ్బు ఉన్నవారి లెక్క కూడా వేరు. వారు తమ వైద్యుడు చెప్పిన వ్యవధిని పాటించాలి.

మలం పరీక్ష

ల్యాబుల్లో మలంలో కంటికి కనబడని రక్తాన్ని వెతికే పరీక్షలు రెండు రకాలు. పాతది రసాయనంతో చేసేది. మాంసం, కొన్ని కూరగాయలు, విటమిన్ సి మాత్రలు దాని ఫలితాన్ని తారుమారు చేయగలవు. ఫిట్ అనే కొత్త పరీక్ష మనిషి రక్తాన్ని మాత్రమే పట్టుకుంటుంది, ఆహారంలో మార్పులు అక్కరలేదు. కాబట్టి ల్యాబులో ‘స్టూల్ అకల్ట్ బ్లడ్’ అని ఊరుకోకుండా, అది ఫిట్ పద్ధతిలో చేస్తారా అని అడగండి.

నమూనా తీయడం తలచుకున్నంత కష్టం కాదు. మలం నీళ్లలో పడకుండా, మూత్రం తగలకుండా, ఒక పేపర్ ప్లేటు మీదో మందపాటి కాగితం మీదో పడేలా చూసుకోవాలి. సీసా మూతకు ఉన్న పుల్లతో మలం పైభాగాన నాలుగైదు చోట్ల గీసి, పుల్ల గాడుల్లో నిండినంత మాత్రమే ఉంచి, సీసాలో పెట్టి మూత బిగించి, పేరు, తేదీ రాయాలి. నెలసరి రోజుల్లోను, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడు తీయకండి. మన ప్రాంతానికి మరీ ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉంది: వేడికి నమూనాలోని రక్తపు జాడ చెడిపోతుంది, అప్పుడు ఉన్న రక్తం కూడా లేదని ఫలితం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండలో ఆ సీసాను స్కూటర్ డిక్కీలో పెట్టి పనులన్నీ ముగించుకుని ల్యాబుకు వెళ్లవద్దు. ఉదయం తీసిన నమూనాను ఉదయమే ఇవ్వండి, కుదరకపోతే కవరులో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

రక్తం లేదని వస్తే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయించుకోవాలి. ఉందని వస్తే క్యాన్సర్ అని కాదు; ఎక్కువమందిలో అది పాలిప్ వల్లనో, మొలల వల్లనో అయి ఉంటుంది. కానీ తప్పనిసరిగా కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇంకోసారి ఫిట్ చేయిద్దాం, ఈసారి లేదని వస్తే వదిలేద్దాం అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే గడ్డ నుంచి రక్తం రోజూ కారదు.

కొలనోస్కోపీకి సిద్ధం కావడం

తిరుపతిలో స్విమ్స్, రుయా, 2022లో అలిపిరి దగ్గర ప్రారంభమైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపు వారు వేలూరు సీఎంసీకి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. కడుపు, పేగుల జబ్బులు చూసే గ్యాస్ట్రో విభాగంలో చూపించుకుని తేదీ తీసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు ఏది కార్డు కిందికి వస్తుందో, దేనికి చేతి డబ్బు కట్టాలో పరీక్షకు ముందే అక్కడి కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.

పరీక్ష నాణ్యత సగం మన వంటింట్లోనే తేలిపోతుంది. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న బుడిపెలు కనబడవు. రెండు మూడు రోజుల ముందు నుంచే రాగి సంగటి, ఆకుకూరలు, ఊరిబిండి, టమాటా, జామకాయ మానేసి, మెత్తటి తెల్లన్నం, ఇడ్లీ, పెరుగుతో సరిపెట్టుకోవాలి. సంగటి లేని రోజు భోజనం చేసినట్లే ఉండదనే పెద్దవారికి కూడా ఇది మూడు రోజుల మాటేనని నచ్చజెప్పండి. ముందు రోజు కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ వంటి తేట ద్రవాలు మాత్రమే. ఎర్ర రంగు పానీయాలు వద్దు, అవి రక్తంలా కనబడతాయి. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపాలి. రక్తం పలుచన చేసే మాత్రలు, షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు సొంతంగా ఆపకుండా వైద్యుడిని అడగాలి.

పేగు శుభ్రపరిచే పొడిని సాధారణంగా రెండు లీటర్ల నీటిలో కలిపి, సగం ముందు రోజు సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగమంటారు. ఉప్పగా, కాస్త జిగటగా ఉంటుంది. చల్లబరిచి, పావుగంటకు ఒక గ్లాసు చొప్పున తాగితే సులువు. ఆ రాత్రి బాత్‌రూమ్ పరీక్షకు వెళ్లేవారికే వదిలిపెట్టమని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. చివరికి మలం మూత్రంలాగా లేత పసుపు రంగులో, తేటగా రావాలి. ఇంకా గోధుమ రంగులో చిక్కగానే వస్తుంటే దాచకుండా ఆసుపత్రివారికి చెప్పండి.

పరీక్షకు సాధారణంగా అరగంట పడుతుంది. మత్తు ఇస్తారు కనుక వెంట ఒకరు ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. పాలిప్ కనబడితే అప్పుడే తీసి, ల్యాబులో మైక్రోస్కోపు కింద చూసే బయాప్సీకి పంపుతారు. పేగుకు రంధ్రం పడటం అరుదు. ఆ తరువాత తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, ఎక్కువ రక్తస్రావం ఉంటే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏమీ లేదని తేలితే, కుటుంబ చరిత్ర లేనివారికి సాధారణంగా పదేళ్ల దాకా మళ్లీ కొలనోస్కోపీ అవసరం ఉండదు. పాలిప్ తీస్తే, దాని రకం, పరిమాణం, సంఖ్యను బట్టి తరువాతి తేదీ వైద్యుడు చెబుతారు. ఆ తేదీని రిపోర్టు మీదే రాయించుకోండి. బయాప్సీ రిపోర్టును ఫోనులో ఫొటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఆ రోజే పంపండి. వారు ఎప్పుడు పరీక్షకు వెళ్లాలో వారి వైద్యుడు దాన్ని చూసే నిర్ణయిస్తారు.