బోరు నీళ్లలో యురేనియం ఉందో లేదో చూపించుకోవాలంటే

మా బావ కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టుకొని ల్యాబుకి వచ్చాడు. మూత తీస్తే ఇంకా నారింజ వాసన. ఆయన ఊరు కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని వైపు. "దీంట్లో రేడియేషన్ ఉందేమో చూడు బామ్మర్దీ" అన్నాడు. నీళ్లు పారబోసి, కొత్త సీసా చేతికిచ్చి పంపాను. అలిగాడు కూడా.

ఆన్‌లైన్లో దొరికే గైగర్ కౌంటర్ని (రేడియేషన్ లెక్కపెట్టే మీటరు) గ్లాసు పక్కన పెట్టి ధైర్యం తెచ్చుకోవద్దు. లీటరులో 30 మైక్రోగ్రాముల యురేనియం ఉన్నా, సగటున సెకనుకి ఒక్క పరమాణువు కూడా విచ్ఛిన్నం కాదు. అలా విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే ఆల్ఫా కణాల్ని నీళ్లే మింగేస్తాయి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి అంచనా చూపే టీడీఎస్ మీటరుకీ ఇది తెలియదు. అసలు తాగే నీళ్లలో యురేనియంతో ముందు దెబ్బ తినేది కిడ్నీలు, అదీ రేడియేషన్‌తో కాదు, రసాయనంగా. అందుకే ల్యాబులో మేం దాని బరువెంతో ఐసీపీ-ఎంఎస్ (పరమాణువుల్ని ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రం) మీదో, ఎల్ఈడీ ఫ్లోరీమీటరు (కాంతి పడితే యురేనియం వెలిగే వెలుగుని కొలిచేది) మీదో కొలుస్తాం.

ఇక నీళ్లు పట్టడం. సగం తప్పులు ఇక్కడే. మా బావ రెండోసారి మిద్దె మీది ట్యాంకు కుళాయి నీళ్లు పట్టుకొచ్చాడు! బోరు మోటారు వేసి పది నిమిషాలు వదిలేయండి. పైపులో నిలవున్న నీళ్లు పోవాలి. కొత్త ప్లాస్టిక్ సీసాని అవే నీళ్లతో మూడుసార్లు కడిగి లీటరు పట్టండి. తేదీ, సమయం, బోరు లోతు, ఎక్కడ పట్టారో సీసా మీదే రాయండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. యురేనియం కొంత సీసా గోడలకి అంటుకుంటుంది కాబట్టి నైట్రిక్ ఆసిడ్ కలపాలి. ఆ పని ల్యాబుకే వదిలేయండి, వీలైనంత త్వరగా తెచ్చివ్వండి, "ఆసిడ్ కలపలేదు" అని చెప్పండి. క్షారత్వం, నైట్రేటు కూడా చూడమనండి. క్షారత్వం ఎక్కువగా బైకార్బొనేటు వల్లే వస్తుంది, అది ఎక్కువుంటే రాతిలోని యురేనియం నీళ్లలోకి తేలిగ్గా దిగుతుంది.

రిపోర్టులో ముందు యూనిట్లు చూడండి. లీటరుకి 0.03 మిల్లీగ్రాములన్నా, 30 మైక్రోగ్రాములన్నా, 30 పీపీబీ (వందకోట్లలో 30 వంతులు) అన్నా ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి చెబుతున్న హద్దు అదే, మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ కూడా 2021లో అదే పెట్టింది. అణుశక్తి నియంత్రణ బోర్డు 2004లో పెట్టింది 60 మైక్రోగ్రాములు. ఎవరైనా "హద్దులోపే ఉంది" అంటే ఏ హద్దు అని అడగండి. అంకె ఎక్కువొచ్చినంత మాత్రాన గనిదే తప్పని తేలదు, రాయిలోంచి సహజంగానూ రావచ్చు. అది తేల్చాలంటే ఎగువ, దిగువ బోర్లు చాలా, ఏళ్ల తరబడి చూడాలి.

మా బావ మరో అనుమానం, తోటలో అరటి. పండ్లు, కూరగాయల్లో రేడియేషన్ చూడాలంటే గామా స్పెక్ట్రోమెట్రీ (వచ్చే గామా కిరణాల్ని బట్టి ఏ పదార్థమో చెప్పే పరీక్ష) ఉన్న ల్యాబు కావాలి. కిలోకి పైగా ఇవ్వాలి, మట్టి బాగా కడగాలి, లేకపోతే మట్టి లెక్కే వస్తుంది. అరటిపండు రిపోర్టులో పొటాషియం-40 (పొటాషియంలో సహజంగా ఉండే రేడియోధార్మిక రూపం) కనిపిస్తే టెన్షన్ పడొద్దు. కిలోకి వంద బెకరెల్‌లకి (సెకనుకి వంద విచ్ఛిన్నాలకి) అటూఇటూ ఏ ఊరి అరటిలోనైనా ఉంటుంది.

కాచితే యురేనియం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో చాలావరకు ఆపుతుంది. అదీ నమ్మకంతో వదిలేయక మిషన్‌కి ముందు నీళ్లు, తర్వాత నీళ్లు రెండూ పరీక్షకివ్వండి. ఆగిన యురేనియమంతా వృథా నీళ్లలోకే పోతుంది. మూడోసారి నీళ్లు పట్టడానికి నేనే వెళ్లాను. చూస్తే మా బావ ఆర్వో వృథా నీళ్ల పైపుని బర్రెల తొట్టిలోకి పెట్టి ఉన్నాడు. ముందు దాన్ని పక్కకి తిప్పించి, అప్పుడు మోటారు వేశాను.