లక్షద్వీప్‌లో పగటి విహారం: ప్రవేశ అనుమతికి దరఖాస్తు విధానం

లక్షద్వీప్ మన దేశంలోనిదే అయినా, టికెట్టు కొనుక్కుని నేరుగా వెళ్ళి దిగడానికి వీలులేదు. అక్కడి స్థానికులు కానివారు, భారతీయులైనా సరే, ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. 1967లో చేసిన నిబంధనల ప్రకారం ఈ పద్ధతి నడుస్తోంది. మొత్తం 36 దీవులూ కలిపితే నేల 32 చదరపు కిలోమీటర్లే. జనం నివసించేవి పదే. స్థానికుల్లో అత్యధికులు షెడ్యూల్డ్ తెగలవారు. వారి నేలను, జీవన విధానాన్ని కాపాడటానికి పెట్టిన కట్టుబాటు ఇది. కాబట్టి విసుక్కోకుండా, ఓపికగా పూర్తి చేయండి.

దీవిలో ఒక రోజంతా గైడుతో తిరిగి రావాలనుకునేవారికి ఓడ ప్యాకేజీ అనువైనది. లక్షద్వీప్ పాలనా యంత్రాంగానికి చెందిన ‘స్పోర్ట్స్’ అనే పర్యాటక సంస్థ కొచ్చి నుంచి ‘సముద్రం’ పేరుతో నడిపే యాత్రలో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను ఒక్కో రోజు ఒక్కోటి చొప్పున చూపిస్తారు. పగలు దీవిలో, రాత్రి ఓడలో. ఇలా వెళ్తే అనుమతి పని చాలావరకు సంస్థే చూసుకుంటుంది, పత్రాలు మాత్రం మనం ఇవ్వాలి. సొంతంగా వెళ్ళేవారు లక్షద్వీప్ ఈ-పర్మిట్ వెబ్‌సైట్‌లో తామే దరఖాస్తు చేసుకోవాలి. వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, పర్యాటక ఓడలు దాదాపు ఆగిపోతాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య తేదీలు చూసుకోండి.

ముందు పోలీసు సర్టిఫికెట్

చాలామంది ముందు తేదీలు, తర్వాత టికెట్లు, చివరికి పత్రాలు అనుకుంటారు. ఆ వరుస తిరగేయండి. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. మీపై కేసులేమీ లేవని మీ ప్రాంత పోలీసులు ఇచ్చే పత్రం ఇది. దరఖాస్తు చేశాక స్టేషను నుంచి విచారణ జరుగుతుంది, అవసరమైతే పిలుస్తారు. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే క్లియరెన్స్ పత్రం విదేశాలకు వెళ్ళేవారి కోసం. పేరు ఒకటే కదా అని దానికి దరఖాస్తు పెట్టకండి.

పేర్ల విషయంలో మనవాళ్ళకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఓటరు కార్డులో పొడి అక్షరమే ఉంటుంది, పోలీసు పత్రంలో ఇంటిపేరు చివరికి జరిగిపోతుంది. మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. మా అక్క పేరు రెండు పత్రాల్లో రెండు రకాలుగా ఉండటంతో దరఖాస్తు వెనక్కి వచ్చింది. సర్టిఫికెట్ మళ్ళీ తెచ్చుకునేసరికి మేము అనుకున్న ఓడ వెళ్ళిపోయింది. అందుకే ఏదో ఒక్క గుర్తింపు కార్డును ప్రమాణంగా పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా రాయండి.

ఫారం నింపడం

వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, ప్రయాణికుల వివరాలు, వెళ్ళే దీవులు, తేదీలు, ప్రయాణ సాధనం నమోదు చేయాలి. ఫొటో, గుర్తింపు కార్డు, పోలీసు సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. అనుమతి మీరు రాసిన దీవులకే వర్తిస్తుంది. కవరత్తికి తీసుకున్న పత్రంతో మినికాయ్‌లో దిగలేరు. అందుకని దారిలో ఆగే ప్రతి దీవి పేరూ ఫారంలో ఉందో లేదో చూసుకున్నాకే పంపండి. దరఖాస్తు రుసుము, వయసును బట్టి ‘హెరిటేజ్ ఫీజు’ ఆన్‌లైన్‌లోనే కట్టాలి. రెండూ స్వల్పమే. విదేశీయులకు నియమాలు వేరు, వారికి కొన్ని దీవుల్లోకే ప్రవేశం.

అనుమతి రాగానే రెండు మూడు ప్రతులు కాగితం మీద తీసుకోండి. ఓడ ఎక్కేటప్పుడు చూపించాలి, సొంతంగా వెళ్తే దీవిలో దిగాక పోలీసు స్టేషనులో సమర్పించాలి. సిగ్నల్ సరిగా అందని చోట ఫోనులోని పత్రాన్ని నమ్ముకోవద్దు.

బయలుదేరే ముందు

మద్యం వెంట తీసుకెళ్ళకండి. అక్కడ మద్యనిషేధం ఉంది, ఒక్క ‘బంగారం’ అనే దీవికే మినహాయింపు. ఒడ్డున తెల్లని పగడపు ముక్కలు కాళ్ళకు తగులుతుంటాయి, పిల్లలు ముచ్చటపడి జేబులో వేసుకుంటారు. పగడాలు ఏరడం శిక్షార్హమైన నేరమని వాళ్ళకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. ఓడ ఊగిసలాటకు వాంతులయ్యేవారు డాక్టరును అడిగి మాత్రలు వెంట ఉంచుకోవాలి. కొచ్చి నుంచి ప్రయాణం దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది.

చాలా దీవుల దగ్గర లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడ తీరానికి చేరలేదు. దూరంగా ఆగుతుంది, అక్కడినుంచి చిన్న పడవలో వెళ్ళాలి. ఓడ పక్కన ఉన్న తలుపు దగ్గర నిలబడితే పడవ ఒక క్షణం మన పాదాల ఎత్తుకు లేస్తుంది, మరుక్షణం అడుగు కిందికి దిగిపోతుంది. పడవవాళ్ళు మన మణికట్టు పట్టుకుని, అల లేచినప్పుడు ‘ఇప్పుడు’ అంటారు. అప్పుడే కాలు వేయాలి. చీర కుచ్చిళ్ళు, జారే చెప్పులు అక్కడ ప్రమాదం. సామానంతా వీపు సంచిలో సర్దుకుని, పత్రాలు నీరు చొరని కవరులో పెట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి.