బ్రాడ్‌బ్యాండ్ ఇంజినీర్లకు ఐపీవీ6 నేర్పించే పద్ధతి

భీమవరం, తణుకు, అమలాపురం వంటి పట్టణాల్లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే సంస్థల్లో పనిచేస్తున్న ఇంజినీర్లకు ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి అయిన ఐపీవీ4 కొట్టిన పిండి. దాని స్థానంలో వస్తున్న ఐపీవీ6 దగ్గరికి వచ్చేసరికి వాళ్లు వెనకాడటానికి ఆ చిరునామాల పొడవు అసలు కారణం కాదు. ఏళ్ల తరబడి సరైనవని నమ్మిన కొన్ని అలవాట్లు ఇక్కడ పనికిరావు. అందువల్ల శిక్షణ ఇచ్చేవారు కొత్త ఆదేశాలను వల్లె వేయించడం కంటే ముందుగా ఆ పాత అలవాట్లను మాన్పించాలి.

ఎందుకు మారాలన్నది అరగంటలో చెప్పి ముగించవచ్చు. 32 బిట్ల ఐపీవీ4లో మొత్తం చిరునామాలు దాదాపు 429 కోట్లు. వాటిలో మిగిలిన చివరి బ్లాకులను 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయిలో చిరునామాల పంపకం చూసే ఐయానా సంస్థ పంచేసింది. అప్పటి నుంచి చిన్న సంస్థలు ఎన్నో ఇళ్లను ఒకే పబ్లిక్ చిరునామా వెనుక సీజీనాట్‌తో, అంటే సంస్థ స్థాయిలో చేసే చిరునామాల మార్పిడితో, కూర్చోబెట్టి నెట్టుకొస్తున్నాయి. రొయ్యల చెరువు గట్టున కెమెరా పెట్టుకున్న రైతు ఇంటి నుంచి నేరుగా దానిని చూడాలనుకుంటే, మధ్యలో మరో సంస్థ సర్వర్ లేకుండా కుదరకపోవడానికి సీజీనాటే కారణం. ఈ ఉదాహరణ మన ప్రాంతపు ఇంజినీర్లకు వెంటనే అర్థమవుతుంది.

తరువాతి పని చిరునామాల ప్రణాళిక. మొదటి రోజంతా దీనికే ఇవ్వాలన్నది నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే తరువాత దిద్దుకోవడానికి అత్యంత కష్టమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మన దేశంలో చిరునామాలు కేటాయించే ఇర్రిన్ ద్వారా ఇంటర్నెట్ సంస్థకు మామూలుగా /32 బ్లాకు లభిస్తుంది (గీత పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే బ్లాకు అంత పెద్దది). దానిని చేతికిచ్చి పంచమంటే, ఐపీవీ4 కరువులో పెరిగిన ఇంజినీరు ఇంటికి ఒక్క /64 చొప్పున పొదుపుగా ఇవ్వబోతాడు. ఆ పొదుపు అనవసరమని లెక్క చేయించి చూపాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు విడిపోయి, పెద్ద కాలువల నుంచి చానళ్లకు, చానళ్ల నుంచి పంట బోదెలకు చేరినట్టే ఈ /32ను కూడా పై నుంచి కిందికి విడదీయమనండి. ఒక్కో డెల్టాకు ఒక /36 ఇస్తే పదహారింటిలో పదమూడు ఇంకా మిగులుతాయి. మధ్య డెల్టా /36లో అమలాపురం, రాజోలు, కొత్తపేటలకు ఒక్కో /40 కేటాయిస్తే, ప్రతి పట్టణంలోనూ 65,536 ఇళ్లకు /56 చొప్పున ఇవ్వవచ్చు, ఒక్కో ఇంట్లో 256 ఉపనెట్‌వర్కులు ఉంటాయి. విభజన ఎప్పుడూ నాలుగు బిట్ల మెట్టు దగ్గరే ఆగాలి. చిరునామాలో ఒక్కో అంకె నాలుగు బిట్లదే కనుక, అప్పుడు ఒక అంకెను చూడగానే అది ఏ పట్టణానిదో తెలుస్తుంది, బయటికి ప్రకటించే రూట్లు కూడా తక్కువగా ఉంటాయి. ఈ అభ్యాసం కాగితం మీదే చేయించండి. ఉదాహరణలకు 2001:డీబీ8::/32 బ్లాకునే వాడించండి, అది అందుకోసమే కేటాయించినది.

ల్యాబ్‌కు రెండు రౌటర్లు, ఒక స్విచ్, రెండు ల్యాప్‌టాప్‌లు సరిపోతాయి. ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ తెరిచి, ఆ తరువాత కేబుల్ తగిలించమనండి. ముందు ఎఫ్ఈ80తో మొదలయ్యే స్థానిక చిరునామా ఏర్పడుతుంది. ల్యాప్‌టాప్ నుంచి 133వ రకం సందేశం, అంటే రౌటర్ ఎక్కడుందన్న విన్నపం, బయలుదేరుతుంది. రౌటర్ 134వ రకంతో జవాబిస్తూ ప్రిఫిక్స్‌నూ (చిరునామా ముందు భాగాన్నీ), అది ఎంతకాలం చెల్లుతుందన్న గడువునూ తెలుపుతుంది. అక్కడే ఆగి, ఆ ప్యాకెట్‌లోని ప్రతి గడిని ఇంజినీరు చేతే చదివించండి. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ లేకుండానే చిరునామా వచ్చిందని కళ్లారా చూసినప్పుడే నమ్మకం కుదురుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు దాని ఐపీవీ6 రూపమైన డీహెచ్‌సీపీవీ6 నుంచి విడి చిరునామా తీసుకోవు కనుక, ఇంటి రౌటర్‌కు ప్రిఫిక్స్ డెలిగేషన్‌తో, అంటే బ్లాకునే అప్పగించే పద్ధతితో, /56 ఇచ్చి, ఇంటి లోపల /64తో పైన చూసిన రౌటర్ జవాబు పద్ధతినే నడపాలని అప్పుడే చెప్పండి.

రెండవ అభ్యాసంలో నెట్‌వర్క్‌ను కావాలని చెడగొట్టాలి. భద్రత పేరుతో, నెట్‌వర్క్ తప్పులను తెలిపే ఐసీఎంపీ సందేశాలను మొత్తంగా ఆపేయడం మనవాళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఐపీవీ6లో దారి మధ్యనున్న రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, ప్యాకెట్ పెద్దదైందని తెలిపే 2వ రకం ఐసీఎంపీ సందేశాన్ని, ఆ ప్యాకెట్ పంపిన పరికరానికి తిప్పి పంపుతాయి. ఇంటి కనెక్షన్లలో వాడే పీపీపీఓఈ లింకులో ఎంటీయూను, అంటే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, 1492 బైట్లుగా ఉంచి ఆ సందేశాన్ని ఫైర్‌వాల్‌లో ఆపించండి. పింగ్ వెళుతుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద పేజీలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. కారణం చెప్పకుండా వాళ్లనే వెతకనివ్వండి. దొరికిన తరువాత ఆ సందేశాన్ని అనుమతించడం, దానితోపాటు టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్ మోసే డేటా పరిమితిని) 1432కు కుదించడం చేయించండి. ఇటువంటి ఫిర్యాదు రాత్రి పదింటికి వచ్చినప్పుడు, ల్యాబ్‌లో తంటాలు పడినవారే దానిని త్వరగా పసిగడతారు.

లోపలి చిరునామాలను దాచే నాట్ లేకపోతే రక్షణ ఉండదన్న భయం తరగతిలో తప్పక బయటికి వస్తుంది, దానిని తేలికగా కొట్టిపారేయకూడదు. ఇంటి రౌటర్‌లో లోపలి నుంచి మొదలైన సంభాషణలకు మాత్రమే జవాబులను అనుమతించే ఫైర్‌వాల్ ఉండాలి. చెరువు కెమెరాకు ఒక్క పోర్టు, అదీ పాస్‌వర్డు మార్చిన తరువాతే, తెరవాలి. స్విచ్‌లలోనూ, ఇళ్ల ఫైబర్లు వచ్చి చేరే ఓఎల్‌టీలలోనూ, కస్టమర్ల వైపు నుంచి 134వ రకం సందేశాలను రానివ్వని ఆర్ఏ గార్డ్ పెట్టకపోతే, ఎవరో కస్టమర్ తన రౌటర్‌ను తిరగేసి (ఇంటి వైపు పోర్టును మన వైపు) తగిలించిన నాడు ఆ వీధి మొత్తానికీ అదే రౌటర్‌గా చలామణీ అవుతుంది.

అమలును ఒకే ఓఎల్‌టీ మీద, ముందుగా సిబ్బంది ఇళ్లతో ప్రారంభించండి. ఐపీవీ6 తెగినా బ్రౌజర్లు చప్పుడు కాకుండా ఐపీవీ4కు మారిపోతాయి కనుక, అంతా బాగుందన్న మాటను అలాగే నమ్మకండి. పరీక్షించే ల్యాప్‌టాప్‌లో ఐపీవీ4ను ఆపి చూడాలి. ఏ కస్టమర్‌కు ఏ /56 ఏ సమయంలో ఇచ్చారో లాగ్‌లో నమోదవుతున్నదీ లేనిదీ తొలి రోజే సరిచూడాలి. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేవారిని కూడా శిక్షణలో ఒక పూట కూర్చోబెట్టి, కస్టమర్ ఫోన్‌లో రెండు రకాల చిరునామాలూ ఎక్కడ కనిపిస్తాయో, వాటిలో ఐపీవీ6 లేకపోతే ఎవరికి చెప్పాలో నేర్పండి.