డ్యామ్ దగ్గర పక్షుల నడక: ఎక్కడ ఆగాలి, ఏం లెక్కపెట్టాలి

డ్యామ్ దగ్గరికి పక్షులు చూపించడానికి జనాన్ని తీసుకెళ్లేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు, పక్షులు గుంపుగా కనిపించిన చోటే ఆగిపోవడం. ఆ చోటు చాలాసార్లు పవర్‌హౌస్ కిందే ఉంటుంది. టర్బైన్ల గుండా దెబ్బతిని, దిమ్మెరపోయి వచ్చే చేపల కోసం నీటికాకులు, కొంగలు అక్కడ బారులు తీరతాయి. మిగతా నదంతా బోసిపోయినా ఆ కాస్త మేర మాత్రం కళకళలాడుతుంది. అక్కడే చూసి తిరిగొచ్చినవాళ్లు డ్యామ్ వల్ల పక్షులు పెరిగాయనే అనుకుంటారు.

అందుకే నాలుగు చోట్ల ఆగాలి: జలాశయానికి పైన ఇంకా పారుతున్న నది, నది జలాశయంలో కలిసే తోక, డ్యామ్ ముందరి లోతు నీళ్లు, గేట్లకు కొన్ని కిలోమీటర్ల దిగువన నది. ఒక్కోచోట కచ్చితంగా 20 నిమిషాలు లెక్కపెట్టండి. ఒకచోట పది నిమిషాలు, ఇంకోచోట అరగంట నిలబడితే ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూడలేం. ఎనిమిది మందికి మించి వద్దు. డ్యామ్ పరిధిలోకి వెళ్లడానికీ, ఫోటోలకూ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి.

ఒక్కొక్కరికీ 8x42 బైనాక్యులర్, గుంపుకి ట్రైపాడ్ మీద ఒక స్కోప్ (దూరపు పక్షిని పెద్దగా చూపే దూరదర్శిని) చాలు. ఉదయం తూర్పు ఒడ్డున నిలబడితే ఎండ వీపున పడి పక్షుల రంగులు తెలుస్తాయి. పొద్దెక్కాక బురద మీద గాలి వేడికి అలలాడుతుంది. అప్పుడు స్కోప్‌లో 30 రెట్లు దాటితే ఉల్లంకి (బురదలో, ఇసుకలో తిరిగే చిన్న పిట్ట) కూడా ఊగే మచ్చలాగే ఉంటుంది. కాబట్టి తోక దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. నది తెచ్చిన ఒండ్రు మొదట దిగేది అక్కడే, లోతు తక్కువ నీళ్లలో నడిచి మేసే పక్షులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

డ్యామ్ ముందు చూడాల్సింది పక్షులకన్నా ఒడ్డు. నీటిమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండడం వల్ల గడ్డి వేరూనక, చుట్టూ ఒక బోడి పట్టీ కనిపిస్తుంది. గడ్డిలో గూడు కట్టే పక్షులకు అక్కడ చోటు లేదు. కాళ్లు అందని లోతులో మునిగి చేపలు పట్టే నీటికాకులు మాత్రం హాయిగా ఉంటాయి. పట్టీ ఎత్తును ఉజ్జాయింపుగా మీటర్లలో రాసుకోండి.

అసలు కథ దిగువన ఉంది. ఒండ్రు, ఇసుక పైనే ఆగిపోవడంతో తేటగా వచ్చిన నీళ్లు అప్పటికే ఉన్న ఇసుక తిన్నెలను కోసుకుపోతాయి. అమెరికాలో 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ నీళ్లు నిలపడం మొదలుపెట్టాక కొలరాడో నదిలో ఇదే జరిగింది. పోయిన తిన్నెలను మళ్లీ కట్టుకోవడానికి 1996లో కావాలనే వరద వదిలి చూశారు. తిన్నెలు తగ్గితే వాటి మీద గుడ్లు పెట్టే టర్న్‌లు, స్కిమ్మర్లు అనే నది పక్షులకు చోటు తగ్గుతుంది. మిగిలిన తిన్నె మీద పెట్టినా, కరెంటు కోసం ఒక్కసారి నీళ్లు వదిలితే గూడంతా పోతుంది.

పురుగుల సంగతి కంటితో చూపించవచ్చు. పైన పారే నదిలో ఒడ్డునే దొరికే అరచేతంత రాయి తిప్పండి. అడుగున మూడు తోకల చిన్న లార్వాలు (పెద్దయ్యాక ఎగిరే పురుగుల పిల్లలు), నత్తలు అతుక్కుని ఉండవచ్చు. దిగువన నదిలోకి దిగకుండా ఒడ్డునే అలాంటి రాయి తిప్పితే జిగురు పాచి తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. అడుగు నుంచి వదిలే చల్లటి నీళ్లు, రోజూ పెరిగి తగ్గే మట్టం, నీటి అంచున పెట్టిన గుడ్లు ఎండిపోవడం, ఇవన్నీ కలిసి చేసే పని అది. ఈ పురుగులు గాల్లోకి లేచే వేళకు వచ్చే పిచ్చుకంత పక్షులను పైనా కిందా విడివిడిగా లెక్కపెట్టండి. రాయిని ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టండి.

దిగువన నది గర్భంలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వకండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా నీళ్లు నిమిషాల్లో మోకాళ్లు దాటవచ్చు. సైరన్ వినిపించిందంటే గట్టు ఎక్కాలి, ఫోటో ఆపి మరీ. తిన్నెకు దూరంగా ఉండండి. తీతువు అరుస్తూ తల మీద తిరిగినా, చిన్న ఉల్లంకి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయినా గూడు దగ్గరే ఉందన్న మాట. ఇసుక రంగులో ఉన్న గుడ్లు కాలి కిందికి వచ్చేదాకా కనపడవు, కాబట్టి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. తల్లి లేచిపోయిన గుడ్లు మండుటెండలో ఎక్కువసేపు నిలవవు.

పుస్తకంలో పక్షి పేరు, సంఖ్యతో పాటు సమయం, తెరిచిన గేట్ల సంఖ్య, నీటిమట్టం, పక్షి ఏం చేస్తోందో (మేతా, విశ్రాంతా, గూడా) తప్పక రాయండి. ఒక గట్టున లెక్కపెట్టిన నీటికాకులే ఎగిరి తర్వాతి మజిలీలో మళ్లీ వాలుతాయి, అందుకని ఎగిరినవాటి దిశా రాసుకోండి. సున్నా వచ్చిన చోట గడి ఖాళీగా వదలకుండా సున్నా వేయండి. ఈ పనిలో ఎక్కువమంది మర్చిపోయేది, ఎక్కువగా పనికొచ్చేదీ ఆ సున్నాయే.