లోడు యాప్ నేర్చుకుందాం – 3వ పాఠం: తిరుగు కిరాయి లెక్క

పోయిన పాఠంలో ఆర్సీ, పర్మిట్, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కించి మన లారీని లోడ్లు దొరికే యాప్‌లో నమోదు చేశాం. ఈపాటికి మీ ఫోన్ మోగడం మొదలై ఉంటుంది. లోడు కనబడగానే వేలు ఆగదు, నాకు తెలుసు. ఈ పాఠం అయ్యేదాకా ఆపండి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కూర్చుని లోడు కోసం చూసే రోజుల్లో బ్రోకరు కమీషన్ పట్టుకునేవాడు, నిజమే. కానీ అవతలి ఊళ్లో తనకు తెలిసినవాడికి ఫోన్ చేసి, తిరుగు లోడు కూడా చూసిపెట్టేవాడు. 2015లో మొదలైన బ్లాక్‌బక్ లాంటి యాప్‌లతో లోడు నేరుగా మన చేతికొచ్చింది. దాంతోపాటు ఆ తిరుగు లోడు వెతికే పనీ మన నెత్తినే పడింది.

ఒక లెక్క చేద్దాం. అంకెలు అన్నీ ఉదాహరణకే, మీ బండివి మీరు వేసుకోండి. పత్తి బేళ్లు వంద, ఒక్కోటి సుమారు 170 కిలోలు, అంటే 17 టన్నులు. వరంగల్ నుంచి గుంటూరు స్పిన్నింగ్ మిల్లుకు, దాదాపు 270 కిలోమీటర్లు. యాప్‌లో కిరాయి 22,000. చూడగానే బాగుంది కదా?

పది టైర్ల బండి లోడుతో లీటరుకు 3.6 కిలోమీటర్లు ఇస్తే 75 లీటర్లు, తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా 5 ఇస్తే 54. లీటరు 95 చొప్పున డీజిల్‌కే 12,255. రానుపోను టోల్ 3,000, బత్తా, తిండి 2,000. మిగిలింది 4,745. ఇక్కడే చాలామంది లెక్క ఆపి సంతోషపడతారు. బండి ఈఎంఐ నెలకు 36,000 అయితే రోజుకు 1,200. రానుపోను మూడు రోజులు అనుకుంటే 3,600 తీసేయండి. టైర్ల అరుగుదల కిలోమీటరుకు 2 రూపాయలు, 540 కిలోమీటర్లకు 1,080. చివరికి చేతిలో 65 రూపాయలు. చాయ్, మిర్చీ బజ్జీకి సరిపోతాయి.

అదే గుంటూరులో 12,000 తిరుగు లోడు దొరికితే? అదనంగా 21 లీటర్ల డీజిల్ 1,995, ఇంకో రోజు ఈఎంఐ 1,200, బత్తా 1,000 పోను 7,805 మిగులుతుంది. కాబట్టి వెళ్లే లోడు ఒప్పుకునే ముందే, దిగే ఊరి పేరు కొట్టి అక్కడినుంచి వరంగల్, జమ్మికుంట, కరీంనగర్ వైపు ఏమేం ఉన్నాయో చూడండి. ఏమీ లేకపోతే కిరాయి పెంచమని అడగండి. పెంచకపోతే వదిలేయండి.

తర్వాత ఫోన్ చేయండి. యాప్‌లో రాయని సంగతులు ఫోన్‌లోనే తేలుతాయి. "సేటూ, బండి ఎప్పుడు ఖాళీ అయితది? హమాలీ ఎవరిది? హాల్టింగ్ ఎన్ని గంటల తర్వాత మొదలైతది?" అని అడగండి. ఒకసారి నేను ఇవి అడగకుండా పోయి మిల్లు గేటు బయట రెండు రాత్రులు పడుకున్నాను. హాల్టింగ్, అంటే బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు, అడిగితే మిల్లువాళ్లు "యాప్‌లో అట్ల రాసి లేదు కదా" అన్నారు. రాసి లేని మాట నిజమే. అందుకే ఒప్పుకున్న సంగతులు వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టించుకోండి.

ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా బిల్లు, గడువు కూడా చూడండి. 50 వేలు దాటిన సరుకుకు అది ఉండాలి. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు కనుక, గుంటూరుకు రెండు రోజులు వస్తాయి. దారిలో బండి ఆగిపోతే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు.

ఇంటిపని: ఈ వారం యాప్‌లో మూడు లోడ్లు చూసి, ఒప్పుకోకుండా, ఒక్కోదానికి పై లెక్క కాగితం మీద వేయండి. నాలుగో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అడ్వాన్సు, డెలివరీ రసీదు, మిగిలిన డబ్బు రాబట్టడం అందులో చూద్దాం.