మురుగు డ్రెయిన్‌లోకి తేలే పొక్లెయిన్ రావాలంటే అర్జీ ఇలా పెట్టండి

సార్వా (ఖరీఫ్) నాట్లు పడిన వారానికే వాన దంచితే చేలో నీళ్లు ఎందుకు దిగడం లేదో డ్రెయిన్ గట్టెక్కి చూస్తే చాలు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గుర్రపుడెక్క చాప పరిచినట్టు ఉంటుంది. ఆ టైములో అర్జీ పట్టుకుని పరిగెత్తితే లాభం లేదు. ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో మా ఊళ్లో తిరిగి తెలుసుకున్నది రాస్తున్నాను, గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. మెషీన్ కోసం ప్రత్యేకంగా దరఖాస్తు ఫారం ఉండదు. మనం అడగాల్సింది పని, ఏ మెషీన్ దించాలో ఇంజనీర్లు తేలుస్తారు. కానీ తేలే పొక్లెయిన్ ఎందుకు కావాలో మనమే రాస్తే వాళ్లకూ పని సులువవుతుంది. మామూలు పొక్లెయిన్ గట్టి గట్టు ఉంటేనే నిలబడుతుంది. తేలే పొక్లెయిన్‌కి, అంటే ఉభయచర పొక్లెయిన్‌కి, కింద గాలి నిండిన పెద్ద ఇనుప డబ్బాలు రెండు, వాటి చుట్టూ గొలుసు పట్టాలు ఉంటాయి, బరువు అంత వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి బురదలో కూరుకుపోదు, లోతు నీళ్లలో తేలుతుంది. గట్టు బాగుండి, పొడుగు చెయ్యి ఉన్న మామూలు మెషీన్‌తో అయిపోయే చోట దీన్ని అడక్కండి, అనవసరంగా ఖర్చు పెరుగుతుంది. గట్టు జారిపోయినచోట, రెండు వైపులా చేపల చెరువులో ఇళ్లో వచ్చేసి మెషీన్ నిలబడే జాగా లేనిచోట ఇదే కావాలి.

తర్వాత ఆ డ్రెయిన్ ఎవరి కిందికి వస్తుందో తేల్చుకోండి. మేజర్, మీడియం డ్రెయిన్లు జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానివి, ఊరి లోపలి మురుగు కాలువ పంచాయతీది. కాలువల మీద కాపలా తిరిగే లస్కర్‌ని అడిగితే డ్రెయిన్ పేరు, కిలోమీటర్ల లెక్క రెండూ చెప్తాడు. కొల్లేరు దగ్గరివాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి: 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న) చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది, ఆ హద్దుల్లో నీటి పారుదల మార్చే ఏ పనికైనా అటవీశాఖ వన్యప్రాణి విభాగం అనుమతి ఉండాలి. అర్జీ నకలు అటవీశాఖకి కూడా ఇవ్వండి, లేకపోతే మెషీన్ వచ్చాక పని ఆగిపోవచ్చు.

అర్జీ తెల్లకాగితం మీద రాసినా చాలు, కానీ ఏం రాస్తామన్నదే అసలు సంగతి. మొదటిసారి మేము "మా ఊరి డ్రెయిన్ బాగుచేయించండి" అని రాసి ఇరవై మంది సంతకాలు పెట్టాం. కొన్నాళ్లకి అర్జీ పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. తీరా చూస్తే పని జరిగింది మాకు ఎగువన, మా చేల పక్క డెక్క అలాగే ఉంది. తప్పు మా కాగితంలోనూ ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రాయలేదు. రెండోసారి ఇలా రాశాం:

"ఫలానా డ్రెయిన్‌లో ఫలానా వంతెన నుంచి తూము దాకా సుమారు కిలోమీటరున్నర గుర్రపుడెక్క, తూడు పేరుకుపోయాయి, అడుగున పూడిక కూడా ఉంది. కుడి గట్టు జారిపోయింది, మామూలు పొక్లెయిన్ నిలబడదు. ట్రెయిలర్ మీంచి మెషీన్ దించడానికి వంతెన పక్కన ఖాళీ జాగా ఉంది. మధ్యలో ఒక కరెంటు లైను, ఒక మంచినీటి పైపు అడ్డంగా ఉన్నాయి. తీసిన డెక్క వేయడానికి పోరంబోకు స్థలం చూపిస్తాం."

తూడు తీయడం, పూడిక తీయడం వేర్వేరు పనులు, రెండూ కావాలంటే రెండూ రాయండి, లేదంటే పైపైన డెక్క లాగేసి వెళ్లిపోతారు. డెక్క ఎక్కడ వేయాలన్నది అసలు మర్చిపోవద్దు. గట్టు అంచునే కుప్పలు పోస్తే మొదటి వానకే సగం తిరిగి నీళ్లలోకి జారుతుంది, మా కళ్లముందే జరిగింది. ఫొటోలు, గూగుల్ మ్యాప్ లొకేషన్ జత చేయండి.

ఒక కాపీ డ్రైనేజీ విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. నీటి సంఘం అధ్యక్షుడి సంతకం ఉంటే బలం. ఇంకో కాపీ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, గ్రామ సచివాలయంలోనూ నమోదు చేస్తారు. రసీదు మీద నంబరు భద్రం, 1100కి ఫోన్ చేసినా, 'మీకోసం' అనే వెబ్‌సైట్‌లో చూసినా అర్జీ ఎక్కడుందో తెలుస్తుంది. తెలంగాణలో చెరువు సమస్య అయితే నీటిపారుదల శాఖకి, ప్రజావాణికి ఇవ్వాలి.

టైము విషయంలో మాత్రం సంక్రాంతి దాటగానే కదలండి. ఏఈ వచ్చి కొలవాలి, అంచనా తయారవ్వాలి, మంజూరు రావాలి, టెండరు పిలవాలి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసిన దగ్గర్నుంచి సార్వాకి మళ్లీ నీళ్లు వదిలేదాకా పనికి దొరికేది కొద్ది వారాలే. మే నెలలో అర్జీ పెడితే ఆ ఏడాదికి ఆశ వదులుకోవడమే.

కొలతలకి ఏఈ వచ్చిన రోజు ఊరి నుంచి ఇద్దరు తోడు వెళ్లండి, ఎక్కడ నీళ్లు ఎగదన్నుతాయో చూపించండి. పని చేయకుండానే అర్జీ మూసేస్తే మళ్లీ తెరవమని అడగండి, అంచనా కాపీ, కొలతల పుస్తకం నకలు సమాచార హక్కు కింద కోరండి. ఆంధ్రలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మా రెండో అర్జీకి ఆ కొలతల కాగితం చేతికొచ్చాకే మిగిలిపోయిన రెండు వందల మీటర్లు కూడా తీయించగలిగాం.